టెలిఫోను తీగలో టీవీ, టిఫిన్ డబ్బాలో మోటారు

రెండువేల పది ప్రాంతంలో ఒక మార్చి నెలలో నన్ను టీవీ కనెక్షన్ల పనికి వేశారు. అప్పటికి నా హోదా టెలికాం మెకానిక్. వెనకటి రోజుల్లో లైన్‌మేన్ అనేవారు. పేరు మార్చారు గానీ నిచ్చెన అదే, నడుముకి కట్టే బెల్టు అదే, ఎక్కే స్తంభం అదే. పనిచేసే చోటు మామిడికుదురుకి ఎంతో దూరం లేని ఒక చిన్న ఎక్స్ఛేంజి. ఆ ఊరి పేరు రాయను. ఇందులో జరిగిన పొరపాటు మనుషులది, అందులో పెద్ద వాటా నాది. మధ్యలో ఊరిని లాగడం దేనికి?

టీవీకి టెలిఫోను మనిషితో పనేమిటని అడుగుతారేమో. ఆ రోజుల్లో మా శాఖ ఒక కొత్త పథకం తెచ్చింది. ఇంటికి వచ్చే టెలిఫోను తీగంటే రెండు సన్నటి రాగి పోగులు. దాన్ని మేం పెయిర్ అంటాం. మనిషి మాట ఆ పెయిర్లో కొద్ది చోటే తీసుకుంటుంది, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో ఇంటర్నెట్టు పంపడం అప్పటికే మొదలైంది. దాని వెనకాలే టీవీ బొమ్మని కూడా ముక్కలు ముక్కలు చేసి పంపడం వచ్చింది. తీగ ఇంట్లోకి రాగానే స్ప్లిట్టరు అనే చిన్న డబ్బీలో దూరుతుంది. అది మాటని ఫోనుకీ, మిగతాదాన్ని మోడెంకీ విడదీస్తుంది. మోడెం నుంచి టీవీ పక్కన ఉండే పెట్టెకి వెళ్తుంది. ఆ పెట్టె ముక్కలన్నీ అతికించి బొమ్మ చూపిస్తుంది. దారిలో నాలుగు ముక్కలు పోయాయంటే సీరియల్లో కోడలి ముక్కు ఉండాల్సిన చోట ఆకుపచ్చ గడి కనపడుతుంది.

నా చదువు సంగతి కూడా చెప్పేస్తాను. నేను చేరింది కేబుల్ గోతులు తవ్వే రోజు కూలీగా. అప్పుడు నాది వేలిముద్ర. అంకెలు వచ్చు, అవి రాకపోతే పెయిర్లు పట్టుకోలేం. పర్మనెంటు అయ్యాక, నలభయ్యో ఏట, మా ఎక్స్ఛేంజి గుమాస్తా గారు మధ్యాహ్నం భోజనాల వేళ కంప్లైంటు పుస్తకం ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు. అ, ఆ కంటే ముందు 'డెడ్', 'గరగర' రాయడం వచ్చింది నాకు. తెలుగులోనే. ఇంగ్లీషు ఇప్పటికీ రాదు, రానందుకు బెంగ కూడా లేదు.

మా ఎక్స్ఛేంజికి పైఅధికారి జె.టి.ఓ., అంటే జూనియర్ టెలికాం ఆఫీసరు. పేరులో జూనియర్ ఉంది గానీ మా అందరికీ సీనియరే. అప్పుడు ఆ సీట్లో ఉన్నది స్వప్న గారని విశాఖపట్నం అమ్మాయి. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని నాతో పాటు చేలగట్ల మీద నడిచేది. నిచ్చెన పట్టుకోమంటే పట్టుకునేది. అలాంటి ఆఫీసర్లు తక్కువ. ఆవిడ పైన సబ్ డివిజనల్ ఇంజినీరు, ఆయన పైన డివిజనల్ ఇంజినీరు. కాగితం కింద నుంచి పైకి ఈ వరసలోనే ఎక్కుతుంది. ఎక్కిన కాగితం దిగడం మాత్రం అంత సులువు కాదు.

మాకు వచ్చిన మొదటి కొన్ని టీవీ కనెక్షన్లలో ఒకటి సత్యవేణి గారింటిది. ఆవిడ భర్త మస్కట్లో ఎలక్ట్రీషియన్. ఆవిడ రాజోలు బస్టాండు దగ్గర ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపు నడిపేది. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చేది. ఇంట్లో పగలంతా అత్తగారు మాణిక్యమ్మ గారు ఒక్కరే. ఊళ్ళో కేబుల్ టీవీ అతనితో మాణిక్యమ్మ గారికి మాటా మాటా వచ్చింది. ఆవిడ చూసే సీరియల్ వేళకే వాడు తీగ పీకేస్తున్నాడని ఆవిడ అనుమానం. అందుకని కోడలు టెలిఫోను టీవీ పెట్టించింది. పెట్టడానికి వెళ్ళిన రోజున మాణిక్యమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, "ఏవయ్యా వీర్రాజూ, ఫోనే సరిగా పలకదు, ఇందులోంచి బొమ్మెలా వస్తుందయ్యా?" అన్నారు.

"వచ్చేకా మీరే చూద్దురు గానండీ" అన్నాను.

వచ్చింది. అద్దంలా వచ్చింది. ఆవిడ రెండు గంటలు కదలకుండా చూసి నాకు కాఫీ ఇవ్వడం కూడా మర్చిపోయారు. మర్నాటి నుంచే కంప్లైంట్లు మొదలయ్యాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న రెండో వింత చెప్పాలి. ఇంటి వెనక రెండెకరాల కొబ్బరి తోట. చెట్ల మధ్య నీడలో ఆ ఏడే కోకో మొక్కలు వేశారు. చిన్న మొక్కలు, ఎండాకాలం. రోజూ తడి అందకపోతే మాడిపోతాయి. బోరు తోట మధ్యలో ఉంది. దాని స్టార్టరు మాత్రం ఇంటి వెనక గోడ మీద ఉంది. తోటకి వచ్చే మూడు ఫేజుల కరెంటు రోజుకి కొన్ని గంటలే ఇస్తారు, ఆ వేళ కూడా వారం వారం మారుతుంది. ఆ వేళకి సత్యవేణి గారు షాపులో ఉంటుంది. మాణిక్యమ్మ గారు స్టార్టరు ముట్టుకోరు. ఎప్పుడో ఒకసారి షాకు కొట్టిందట, ఆ గోడ పక్కకే వెళ్ళరు.

దీనికి మందు కనిపెట్టిన మనిషి నాగభూషణం. కొత్తపేటలో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే షాపు ఉండేది అతనికి. అవి పోయాక షాపూ పోయింది. ఇంట్లో కూర్చుని, స్టీలు టిఫిన్ డబ్బాలో ఒక యంత్రం తయారుచేశాడు. దాన్ని టెలిఫోను తీగకీ మోటారు స్టార్టరుకీ మధ్య తగిలిస్తాడు. మీరు ఎక్కడినుంచైనా ఇంటి నంబరుకి ఫోను చేస్తారు. ఏడు రింగులు మోగినా ఎవరూ ఎత్తకపోతే టిఫిన్ డబ్బా ఎత్తుతుంది. మీరు రహస్య అంకెలు నాలుగు నొక్కి, తర్వాత ఒకటి నొక్కితే మోటారు లేస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. లేచిందంటే డబ్బా రెండుసార్లు కూస్తుంది. కరెంటు లేకపోతే ఒక్కటే పొడుగ్గా కూస్తుంది. ఇప్పుడు సిమ్ కార్డు వేసిన స్టార్టర్లు ప్రతి పొలంలో ఉన్నాయి, ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో జనం చూడ్డానికి వచ్చేవారు.

సత్యవేణి గారింట్లో డబ్బా మొదట కొన్నాళ్ళు వేడుకగా నడిచింది. భర్తకి ఆ రహస్య అంకెలు చెప్పడమే ఆవిడ చేసిన తప్పు. ఒక ఆదివారం ఆవిడ బోరు దగ్గర పైపు విప్పి శుభ్రం చేసుకుంటుంటే ఆయన అక్కడినుంచి ఫోను చేసి మోటారు వేశాడు. ఆవిడ తలమీదుగా తడిసి ముద్దయ్యింది. "మస్కట్లో కూర్చుని నాకు తలంటు పోసేరండీ బాబాయ్ గారూ" అని నాతో చెప్పింది. ఆ తర్వాత రహస్య అంకెలు మార్చేసింది, ఆయనకి చెప్పలేదు.

నాకు మాత్రం నాగభూషణం అంటే గిట్టేది కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. శాఖ తీగకి శాఖ ఒప్పుకోని యంత్రం తగిలించకూడదని రూలు. రూలు మాట అటుంచి, ముప్ఫై ఏళ్ళు స్తంభాలెక్కినవాణ్ణి నేనుండగా టేపురికార్డర్ల మనిషి వచ్చి మా తీగ మీద చెయ్యి వేయడమేమిటని నా కడుపుమంట. అతను కనపడితే "ఏం భూషణం, ఈసారి ఇడ్లీ పెట్టేవా, ఉప్మానా?" అని ఆ డబ్బా చూపించి వెక్కిరించేవాణ్ణి. అతను నవ్వి ఊరుకునేవాడు. పలివెల వైపు రైతులు ఎనిమిదిమంది డబ్బా అడిగారని, ఈ ఇంట్లో వేసవి దాటేదాకా చక్కగా నడిస్తే తీసుకుంటామన్నారని చెప్పేవాడు. అంతకు మించి అతనికి వేరే పని లేదు. అది నాకు తెలుసు.

ఇక కంప్లైంట్ల సంగతి. రోజూ రెండు మూడు గంటలసేపు బొమ్మ గడులు గడులుగా విరిగిపోతోంది. మిగతా వేళల్లో అద్దమే. మాణిక్యమ్మ గారు ఎక్స్ఛేంజికి ఫోను చేసి, "మీకంటే కేబులువాడే నయం, వాడు మొత్తం ఆపేస్తాడు, మీరు మొహాలు చెక్కేసి చూపిస్తన్నారు" అనేవారు. స్వప్న మేడం నన్ను తీసుకుని మూడుసార్లు వెళ్ళింది. స్తంభం మీద డి.పి. అని ఒక పెట్టె ఉంటుంది, వీధికి వచ్చే పెయిర్లన్నీ అక్కడినుంచే ఇళ్ళకి విడిపోతాయి. అక్కడినుంచి, తీగ ఇంట్లోకి మళ్ళే చోట చూరు కింద ఉండే రోజెట్టు డబ్బీ దాకా మీటరుతో చూశాం. తీగ బాగుంది. మోడెం మార్చాం. స్ప్లిట్టరు మార్చాం. గడులు పోలేదు.

అప్పుడావిడ మాణిక్యమ్మ గారి చేత బొమ్మ విరిగే వేళలు రాయించింది. ఆవిడ క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు పెట్టారు. ఆ గీతల్ని చూపిస్తే సత్యవేణి గారు ఒక్కసారి చూసి, "ఇది మా కరెంటు వేళండీ, నేను షాపులోంచి మోటారుకి ఫోను చేసే వేళే" అంది. ఫోను మోగుతుంది, డబ్బా ఎత్తుతుంది, బొమ్మ విరుగుతుంది. ఇంకేం కావాలి? స్వప్న మేడం నావైపు చూసింది. నేను అప్పటికే ఎగిరి గంతేసినంత పని చేశాను. "నేను మొదట్నించీ చెప్తున్నాను కదండీ" అన్నాను. నిజానికి నేను చెప్పలేదు, మనసులో అనుకున్నాను.

శనివారం పొద్దున్న పది గంటలకి వెళ్ళాం. వచ్చీ రాగానే డబ్బాని తీగ నుంచి తీసేశాం. టీవీ పెట్టి అరగంట చూశాం. ఒక్క గడి లేదు. మేడం లాప్‌టాప్‌లో నాయిస్ మార్జిన్ అనే అంకె చూసింది. తీగలో ఉండే గోల కంటే మన బొమ్మ ఎంత ఎత్తున నిలబడిందో ఆ అంకె చెప్తుంది. అది కూడా బాగుంది. తేలిపోయింది.

ఎక్స్ఛేంజికి వచ్చి ఫాల్ట్ కార్డు నింపాం. కారణం అనే గడిలో, చందాదారుడు తగిలించిన ప్రైవేటు యంత్రం వల్ల అని మేడం రాసింది. కింద పనిచేసిన మెకానిక్ సంతకం ఉండాలి. పెట్టాను. దాంతోపాటు పైకి ఒక ఉత్తరం తయారైంది. ఇటువంటి యంత్రాలు ఏ ఎక్స్ఛేంజి కింద ఉన్నా వెతికి తీసేయాలని, తీయకపోతే లైను కోసేయాలని. మర్నాడు ఆదివారం కాబట్టి సోమవారం టపాలో వెళ్తుంది. సత్యవేణి గారికి విడిగా ఒక నోటీసు. ఆవిడ ఆదివారమే ఇంటి దగ్గర ఉంటుంది కనక, ఆ రోజు నేనే వెళ్ళి ఇస్తానని తీసుకున్నాను. సెలవు రోజు పని ఎందుకు నెత్తిన వేసుకున్నానంటే, ఆవిడ నాగభూషణాన్ని పిలిపించకపోదు, అప్పుడతని మొహం చూద్దామని. నా బుద్ధి అలా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళాను. నాగభూషణం అప్పటికే అక్కడున్నాడు. సత్యవేణి గారే కబురు పెట్టిందట. వెనక వరండాలో గచ్చు మీద కూర్చుని, స్టార్టరు నుంచి కూడా తీగలు విప్పేసి, డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను నోటీసు ఇచ్చి, ఇలాంటి డబ్బాలన్నీ తీయించమని పైకి ఉత్తరం కూడా తయారైందని చెప్పాను. సత్యవేణి గారు చదివి మడిచింది.

"మరి నా మొక్కల సంగతేంటండీ బాబాయ్ గారూ? కరెంటు వేళకి షాపు మూసుకుని రానా?"

"రూలమ్మా" అన్నాను.

"మీ రూలుకి నీళ్ళు పొయ్యక్కర్లేదు, నా మొక్కలకి పొయ్యాలి" అంది. ఆవిడ అలాంటి మనిషే.

నాగభూషణం తలెత్తకుండానే అడిగాడు. "అన్నగారండీ, ఆ పెద్ద కాయితం కూడా ఎల్లిపోయిందాండీ?"

"రేపు టపాలో."

"పలివెలోళ్ళకి తెలిస్తే ఇంకెవరూ తీసుకోరండీ" అన్నాడు. అంతే. బతిమాలలేదు. బతిమాలితే ఏదో ఒకటి అందామని నేను తయారుగా ఉన్నాను.

ఈలోగా కరెంటు వచ్చింది. స్టార్టరు మీద మూడు దీపాలు వెలిగాయి. డబ్బా లేదు కనక సత్యవేణి గారే లేచి వెళ్ళి పచ్చ బొత్తాం నొక్కింది. తోటలో మోటారు లేచింది. ఆ వెంటనే హాల్లోంచి మాణిక్యమ్మ గారి కేక.

"మళ్ళీ గడులొచ్చేసేయి! ఏవయ్యా వీర్రాజూ, బాగుచేసేనన్నావు కదా!"

నేను హాల్లోకి పరిగెత్తాను. తెర మీద సగం మొహం ఉంది, మిగతా సగం గడులు. వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చాను. డబ్బా నాగభూషణం ఒళ్ళోనే ఉంది. దాని తీగలు గాలిలో వేలాడుతున్నాయి. అతను నన్ను చూశాడు, నేను డబ్బాని చూశాను.

"ఆపమ్మా" అన్నాను. ఎర్ర బొత్తాం నొక్కింది. హాల్లోంచి, "ఆ, వచ్చింది" అని వినపడింది. "వెయ్యమ్మా." "మళ్ళీ పోయింది!" ఇలా అయిదుసార్లు చేయించాను. అయిదోసారికి మాణిక్యమ్మ గారు, "మీరందరూ కలిసి నాతో ఆడుకుంటన్నారా ఏంటి?" అన్నారు.

అప్పుడు నాకు శనివారం చేసిన పని అర్థమైంది. పొద్దున్న పదింటికి ఇంటి దీపాలకీ టీవీకీ కరెంటు ఉంది, మోటారుకి మూడు ఫేజులూ లేవు. మేం డబ్బా తీశాం, మోటారు తిరగలేదు, బొమ్మ బాగుంది. బాగున్నది డబ్బా తీసినందుకు కాదు, మోటారు తిరగనందుకు. మోటారు తిరిగితే తీగలోకి ఏదో గోల దూరుతోంది. డబ్బా చేసిన నేరం మోటారుని లేపడం ఒక్కటే. ఆ పని సత్యవేణి గారి వేలు కూడా చేస్తుంది.

గోల ఎక్కడినుంచి దూరుతోందో చూడాలి. నిచ్చెన వేశాను. నాగభూషణం డబ్బా పక్కన పెట్టి, అడగకుండానే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. చూరు కింద రోజెట్టు డబ్బీ మూత ఇదివరకు మూడుసార్లు విప్పాను. ఈసారి డబ్బీని గోడనుంచే ఊడదీసి వెనక్కి చూశాను. స్తంభం నుంచి వచ్చిన తీగకి డబ్బీ వెనకాల ఇంకో పెయిర్ చేత్తో మెలితిప్పి కలిపి ఉంది. దాని మీద టేపు, టేపు మీద ఏళ్ళ తరబడి సాలెగూడు. ఆ రెండో తీగ చూరు వెంట పోయి, మోటారు కరెంటు తీగతో పాటే స్తంభాలు పట్టుకుని, తోట చివరి పాక దాకా వెళ్ళింది. పాకలో ఏమీ లేదు. తీగ చివర రెండు పోగులు ఊరికే వేలాడుతున్నాయి.

ఇలాంటి మొండి తీగ మాటకి అడ్డు రాదు. చివర తెరిచి ఉంటే మీటరుకి కూడా కనపడదు. కానీ టీవీ బొమ్మ పోయే దారిలో అది ఒక పక్క సందు లాంటిది. కొంత బొమ్మ అందులోకి పోయి తిరిగి వచ్చి అసలు బొమ్మని గుద్దుకుంటుంది. పైగా మోటారు తీగని ఆనుకుని అంత దూరం నడిచింది కనక, మోటారు గోలంతా మోసుకొచ్చి ఇంట్లో దింపుతోంది.

"ఎవడు వేశాడీ తీగ? ఇలా మెలేసి వదిలేస్తారా!" అని నిచ్చెన మీదనుంచే అరిచాను.

మాణిక్యమ్మ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఎవడేంటయ్యా, నువ్వే. మా ఆయన కొబ్బరికాయల బేరం చేసే రోజుల్లో పాక దగ్గర వలుపు జరుగుతుంటే ధర కనుక్కోడానికి ఇంట్లోకి రాలేకపోతున్నానంటే, నువ్వే కదూ పాకలోకి ఇంకో ఫోను లాగేవు! నాలుగు బొండాలు తాగి, ఓ గెల అరటిపళ్ళు సైకిలుకి కట్టుకెళ్ళేవు. మర్చిపోయేవా?"

మర్చిపోయాను. ఆవిడ చెప్పేదాకా నిజంగా గుర్తు లేదు. చెప్పగానే గెలతో సహా గుర్తొచ్చింది.

ఇటువంటి తీగని పారలల్ అంటాం. పద్ధతి ప్రకారం దరఖాస్తు ఉండాలి, రుసుం కట్టాలి, పెయిర్ రిజిస్టరులో రాయాలి. ఆ రోజుల్లో మా లైన్‌మేన్లు అందరం మంచితనానికి అలా లాగేవాళ్ళం. అత్తగారి గదికొకటి, పశువుల పాకకొకటి. ఎవరూ రాసేవాళ్ళు కాదు. నాకు అప్పటికి రాయడం రాదు కనక రాయలేదని చెప్పుకోవచ్చు. అది సగం నిజం. రాయించాలంటే గుమాస్తా గారు ఉన్నారు. రాస్తే దొరికిపోతాం, అదీ అసలు సంగతి.

నిచ్చెన దిగకుండానే కటింగ్ ప్లయరుతో ఆ రెండో తీగని మొదట్లో కోసేశాను. మోటారు తిరుగుతూనే ఉంది. హాల్లోంచి సీరియల్ మాటలు శుభ్రంగా వినపడ్డాయి. మాణిక్యమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు.

నేను దిగాను. నాగభూషణం నిచ్చెన వదల్లేదు. "అయితే నా డబ్బా తప్పు కాదాండీ?" అన్నాడు.

"కాదు."

"ఆయ్" అని, "మరి రేపు ఆ కాయితం..." అన్నాడు.

ఇక్కడ నాకు వచ్చిన ఆలోచన దాచను. తీగ కోసేశాను. బొమ్మ బాగుపడింది. కంప్లైంటు మూసేయొచ్చు. కార్డు మీద కారణం డబ్బా అని ఉంటే ఉంటుంది. సత్యవేణి గారికి చెవిలో, నెల పోయాక మళ్ళీ తగిలించుకో అని చెప్తే సరిపోతుంది. కానీ ఉత్తరం వెళ్తే డివిజనంతా అటువంటి డబ్బాల కోసం వెతుకుతారు. పలివెల రైతులు ఎవరూ ముట్టుకోరు. ఉత్తరం ఆగాలంటే అసలు కారణం రాయాలి. అసలు కారణానికి పేరుంది, ఆ పేరు నాది. నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది.

"పొద్దున్నే మేడం దగ్గరికి వెళ్తాను" అన్నాను. అతను తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. నేనయితే నమ్మేవాణ్ణి కాదు.

సోమవారం తొమ్మిదింటికే ఎక్స్ఛేంజిలో ఉన్నాను. టపా సంచీ పదిన్నరకి వెళ్తుంది. స్వప్న మేడం రాగానే నిలబడే మొత్తం చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"వీర్రాజు గారూ, శనివారం మీరే సంతకం పెట్టేరు కదా?"

"పెట్టేనండీ. అప్పుడు తెలీదు."

"మీరు వేసిన తీగ మీకు తెలీదా?"

"మర్చిపోయేనండీ. రాసి ఉంటే గుర్తుండేది. రాయలేదు."

ఆవిడ లాప్‌టాప్ తెరిచి శనివారం పట్టిన అంకెలు చూసింది. "మోటారు వెయ్యకుండా పరీక్ష చేసింది నేను. అది నా తప్పు, అది నేను రాసుకుంటాను. తీగ సంగతి మీరు రాయండి. నేను రాస్తే బాగుండదు" అంది. తర్వాత, "రాస్తే మీకు మెమో వస్తుంది, తెలుసా?" అంది.

"తెలుసండీ."

"ఫైలు ఇంగ్లీషులో ఉంటుంది."

"నాకొచ్చిన భాషలో రాస్తానండీ. అర్థం కాకపోతే పైవాళ్ళే చదివించుకుంటారు."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. తెల్ల కాగితం ఇచ్చింది. నేను బెంచీ మీద కూర్చుని రాశాను. నాలుగు వాక్యాలకి ముప్పావుగంట పట్టింది. ఎప్పుడు, ఎవరింట్లో, దరఖాస్తు లేకుండా, రిజిస్టరులో రాయకుండా పారలల్ లాగానో రాశాను. బొండాలు, అరటి గెల కూడా రాశాను. మేడం చదివి, "ఇవి అవసరమా?" అంది. "ఉంటే నమ్ముతారండీ" అన్నాను. గుమాస్తా గారు పక్కన ఇంగ్లీషులో తర్జుమా చేసి జతపరిచారు. అరటి గెలకి ఆయన ఏం రాశారో నాకు తెలియదు.

ఉత్తరం టపాలో వెళ్ళలేదు. మేడం చింపలేదు, అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి ఫైల్లో ఉంచింది. ఫాల్ట్ కార్డు కొత్తది రాశారు. నాగభూషణం డబ్బా విషయంలో ఆవిడ ఒక షరతు పెట్టింది. స్ప్లిట్టరు తర్వాత, ఫోను తగిలించే వైపే తగిలించాలి, నేరుగా తీగకి కాదు. అతను వచ్చి, కుర్చీ ఇస్తే కూర్చోకుండా, నిలబడే విని వెళ్ళాడు. గుమ్మం దగ్గర నాతో, "ఈసారి ఉప్మా అండీ అన్నగారూ" అన్నాడు. నేను అంతకాలం అన్నదానికి అది తక్కువే.

నాకు రెండు నెలలకి సెన్సూరు వచ్చింది. సెన్సూరంటే సర్వీసు పుస్తకంలో ఎక్కే మందలింపు. జీతంలో ఏమీ పోలేదు. ఆ ఏడు మా సబ్ డివిజన్ నుంచి మంచి పనివాడిగా నా పేరు పంపించారు, అది మాత్రం కొట్టేశారు. దానికి ఒక శాలువా, ఒక ఫోటో ఉంటాయి. మా ఆవిడ కొన్నాళ్ళు సణిగింది. మేడంకి కూడా ఏదో మాట పడిందని విన్నాను. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

పలివెల రైతులు డబ్బాలు తీసుకున్నారు. వాళ్ళని చూసి ఇంకొందరు. నాలుగయిదేళ్ళకి సెల్‌ఫోను స్టార్టర్లు వచ్చి టిఫిన్ డబ్బాలు మూలపడ్డాయి. నాగభూషణం అప్పటికి ఆ కొత్తవాటిని బాగుచేయడంలోకి దిగిపోయాడు, ఇప్పుడూ చేస్తున్నాడు. టెలిఫోను టీవీ అంతకంటే ముందే పోయింది. డిష్షులు వచ్చాయి, జనం అటు వెళ్ళారు. మేం పడిన పాట్లలో మిగిలింది కోకో మొక్కలే. అవి కాపుకొచ్చాయి.

ఉద్యోగంలో మిగిలిన రెండేళ్ళలో నేను ఒక పని చేశాను. రాయకుండా లాగిన పారలల్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు చేసుకుంటూ ఇంటింటికీ తిరిగాను. గుర్తు రానివి ఆ ఇళ్ళవాళ్ళని అడిగాను. అందరికీ గుర్తున్నాయి, నాకు తప్ప. దొరికినవి పీకేశాను, లేదా రిజిస్టరుకి ఎక్కించాను. కొన్ని ఇంకా ఉండే ఉంటాయి.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళు అడిగితే రెండు సంగతులు చెప్తాను. ఒక వస్తువు తీసి చూసి తప్పు దానిదే అని తేల్చకండి. మిగతావన్నీ ఎప్పటిలాగే నడుస్తున్నప్పుడు తీసి చూడండి. రెండోది, చందాదారుడి వస్తువు మీద రాసే ముందు స్తంభం నుంచి ఇంటిదాకా మన తీగ మొత్తం, డబ్బీల వెనకాల కూడా విప్పి చూడండి. ఎవరో వేసిన తీగైతే ఒకసారి చూస్తే చాలు. మీరే వేసినదైతే రెండుసార్లు చూడండి.